నాలుగో నంబరుకు కట్టిన గంజి చీర

షేక్ బుడే గురించి రాయాలంటే ముందు చీర గురించి రాయాలి. నవ్వుకుంటే నవ్వుకోండి. మా దర్శి షెడ్డుకు వచ్చిన ఆఫీసర్లంతా మొదట నవ్వినవాళ్ళే.

గుండ్లకమ్మ రైల్వే అని మాదొక చిన్న కంపెనీ. చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల పత్తి బేళ్ళు, కోల్డ్ స్టోరేజీల మిర్చి టిక్కీ బస్తాలు వ్యాగన్లకెత్తి సింగరాయకొండ చేర్చడం మా పని. అక్కడినుంచి పెద్ద రైల్వే చూసుకుంటుంది. యార్డులో వ్యాగన్లను అటూ ఇటూ నెట్టి బండిగా కూర్చడానికి మాకు మూడు షంటింగ్ ఇంజన్లున్నాయి. ఒకటో నంబరు ఎప్పుడో తుక్కుకు పోగా మిగిలినవి రెండు, మూడు, నాలుగు నంబర్లు. మూడూ నలభై ఏళ్ళ నాటివి. ఇరవై తొమ్మిదేళ్ళుగా వాటి మంచిచెడ్డలు చూసిన హెడ్ ఫిట్టరు బుడే. నేను స్టోర్ కీపర్ని. ఆయనడిగిన బోల్టు లేదని చెప్పి, తిట్లు తిని, తర్వాత వెతికి ఇచ్చేవాణ్ణి.

మిర్చి సీజన్లో మా యార్డులో గాలే ఎర్రగా ఉంటుంది. ఆ పొడి ఇంజను లోపలికి పోయిందంటే దాని ఆయుష్షు సగమే. అందుకని బుడే ఇంజను గాలి పీల్చుకునే జాలీకి లోపలి వైపు పాత నేత చీరను రెండు మడతలు పెట్టి బిగించి కట్టేవాడు. వారానికోసారి విప్పి, దులిపి, మళ్ళీ కట్టేవాడు. చీరలు వాళ్ళింటివే. ఆయన భార్య రహిమున్నీసా ఏళ్ళ తరబడి కట్టి, ఉతికి ఉతికి ఇక వదిలేసిన చీరాల చీరలు. ఈసారి ఏ రంగు చీర పెట్టారని డ్రైవరు పానకాలు ఆటపట్టించేవాడు. ఏ మాన్యువల్లోనూ లేని ఈ పద్ధతి మాకు హారను ఉన్నంత మామూలు సంగతి.

కిందటేడు కంపెనీ కొత్త ఇంజన్లు కొనే బదులు పాతవాటినే తిరగగట్టాలని తీర్మానించింది. ఫ్రేము, చక్రాలు పాతవే. ఇంజను, వైరింగు, కంట్రోల్ ప్యానెలు కొత్తవి. ముందు నాలుగో నంబరు ఎక్కింది షెడ్డులోకి. వైరింగూ ప్యానెలూ చూడడానికి ఒంగోలు నుంచి సౌజన్య అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. ఇరవై ఆరేళ్ళు, మొదటి ఉద్యోగం, ఇంకా ప్రొబేషన్. ఎనిమిది నెలలు ఆమె పైన వైర్లతో, బుడే కింద ఇనుముతో కుస్తీ పట్టారు. నెల తిరక్కుండానే ఆమె ఆయన్ని బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పిలుపు ఆయనకెంత ఇష్టమో ఆమె పిలవగానే రెంచీ కింద పెట్టి పలకడం చూస్తే తెలిసేది.

మార్చిలో పసుపు రంగు కొత్తగా పూసుకుని నాలుగో నంబరు బయటికొచ్చింది. వారం రోజులు మామూలు పని చెయ్యాలి, ఆఖరి రోజు హెడ్డాఫీసు నుంచి మేనేజరు వేణుగోపాల్ గారొచ్చి చూస్తుండగా ఇరవై రెండు లోడు వ్యాగన్లు లాగాలి. అదీ పరీక్ష.

మొదటి రెండు రోజులు బంగారంలా నడిచింది. మూడో రోజు కాస్త బరువెక్కినట్టుందన్నాడు పానకాలు. ఐదో రోజుకు పన్నెండు వ్యాగన్లకే నల్లపొగ. వేణుగోపాల్ గారొచ్చిన రోజు సగం దూరం లాగి, మూలిగి, అక్కడే నిలబడిపోయింది.

వేణుగోపాల్ గారికి ఇనుమంటే నమ్మకం, వైరంటే అనుమానం. ఇనుప పని ఇరవై తొమ్మిదేళ్ళ అనుభవం ఉన్నాయన చేశాడు, వైరు పని మొన్నొచ్చిన అమ్మాయి చేసింది, కనుక లోపం ప్యానెల్లోనే ఉందని అక్కడికక్కడే తేల్చేశారు. మర్నాటి సాయంత్రంలోగా లోపం దొరక్కపోతే ఆమె ప్రొబేషన్ రద్దు. ఇంత సులువుగా తీర్పులు చెప్పగలిగేవాళ్ళకే పెద్ద కుర్చీలు ఎందుకు దొరుకుతాయో నాకిప్పటికీ తెలీదు.

ఆ అమ్మాయి మర్నాడు తిండి మానేసి వైరు వైరూ పట్టి చూసింది. ఎప్పుడూ పైన ప్యానెల్లోనే పని కాబట్టి జాలీ లోపలి చీర సంగతి ఆమెకు తెలీదు. తెలిసిన మాకెవరికీ గుర్తు రాలేదు. మధ్యాహ్నం నేను ఫ్యూజులు పట్టుకెళ్ళేసరికి బుడే ఇంజను వెనక జాలీ తలుపు తీసి నిలబడి ఉన్నాడు. చెయ్యి చీర మీద ఉంది. చీర డప్పు తోలులా బిగిసి ఉంది. ఎర్రగా, అట్టకట్టి.

తిరగగట్టిన ఇంజనుకు పాత చీర పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. రంజానుకని రహిమున్నీసాకు కొన్న చీరను, మడత విప్పనిదాన్ని, గంజి వాసనైనా పోనిదాన్ని అడిగి తెచ్చి కట్టాడు. ఎనిమిది నెలలు ఇంటి మొహం చూడకుండా చేసిన ఇంజనుకు కాక దేనికి పెడతారని ఆమే ఇచ్చింది. పాత చీరలో గాలి ఆడుతుంది. గంజి చీరలో ఆడదు. పైగా ఆ గంజికి మిరప పొడి పట్టుకుని పూత పూసినట్టయింది. కొత్త ఇంజనుకేమో పాతదానికి రెట్టింపు గాలి కావాలి. ఊపిరాడక చచ్చింది పాపం.

బుడే చీర విప్పి, మడిచి, తన పనిముట్ల పెట్టెలో పెట్టి మూత వేశాడు. ఒకసారి స్టార్ట్ చేసి చూడమని పానకాలుకు చెప్పాడు. నాలుగో నంబరు ఇరవై రెండు వ్యాగన్లనూ కిక్కురుమనకుండా లాక్కుపోయింది.

అందరూ సంతోషించారు. వేణుగోపాల్ గారు షెడ్డు ఆఫీసులో కూర్చుని రిపోర్టు రాయించడం మొదలుపెట్టారు. ప్యానెల్లో లోపం, సరిచేయబడింది, ఇంజనీరు అజాగ్రత్త వల్ల జరిగింది, ప్రొబేషన్ కొనసాగించనక్కరలేదు. సౌజన్య ఒప్పేసుకుంది. పొద్దున ఏదో కనెక్షను బిగించాను, అదే వదులై ఉంటుంది సార్ అంది. పాపం, అది నిజమనే నమ్మింది. చీరను కళ్ళారా చూసినవాణ్ణి నేను. అయినా నోరు విప్పలేదు. రాస్తున్నాను కాబట్టి అదీ రాయాలి.

బుడే గుమ్మంలో నిలబడి నూలు పీచుతో చేతులు తుడుచుకుంటూ ఉన్నాడు. శుభ్రమైపోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు. తర్వాత వెళ్ళి పెట్టె తెరిచి, చీర తెచ్చి, వేణుగోపాల్ గారి కాగితాల మీద పెట్టాడు. గదిలో అందరం తుమ్మాం.

"లోపం ఇదండి. కట్టింది నేను, ఇందాక విప్పిందీ నేనే. అమ్మాయి పనిలో వంక లేదండి."

"విప్పినప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నారాయన.

"సిగ్గేసిందండి," అన్నాడు బుడే.

రిపోర్టులో సౌజన్య పేరు కొట్టేశారు. బుడే పేరు రాశారు. హెడ్ ఫిట్టర్ హోదా తీసేసి, ఆ చీర పట్టుకుని ఇంటికి పొమ్మని, విచారణ తేలేదాకా పనికి రావద్దన్నారు. ఇక మీదట గుడ్డలూ గిడ్డలూ కట్టకుండా కంపెనీ కాగితపు ఫిల్టర్లే వాడాలన్నారు.

ఏప్రిల్లో మిర్చి ముమ్మరమైంది. కాగితపు ఫిల్టరు రెండు రోజులకోటి చొప్పున మూసుకుపోయింది. నా స్టోరు ఖాళీ అయింది, నాలుగో నంబరు పనిచేసిన రోజుల కంటే నిలబడిన రోజులే ఎక్కువయ్యాయి. సౌజన్య హెడ్డాఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగి, ఒక డ్రాయింగు మీద వేణుగోపాల్ గారి సంతకం పట్టుకొచ్చింది. నన్ను తోడు తీసుకుని బుడే ఇంటికి వెళ్ళింది.

ఆయన అరుగు మీద బనీనుతో కూర్చుని ఉన్నాడు. ఆమె డ్రాయింగు చేతికిచ్చింది. జాలీ బొమ్మ, దాని లోపల ఒక గీత, గీత పక్కన 'బాగా ఉతికిన నేత చీర, రెండు మడతలు' అని రాసి ఉంది. కింద కట్టే ఫిట్టరు అన్నచోట షేక్ బుడే, దాని కింద వేణుగోపాల్ గారి సంతకం. ఆయన దాన్ని చాలాసేపు చదివాడు. చదవడానికి అంత లేదు అందులో.

"నాకు కట్టడం రాదు బాబాయ్. మీరు రావాలి," అంది సౌజన్య.

రహిమున్నీసా లోపలికి వెళ్ళి ఆ రంజాను చీరే తెచ్చింది.

"పదకొండు సార్లు ఉతికానమ్మా. గంజంతా పోయింది గానీ కారం పోలా. కట్టుకుంటే ఒళ్ళు మండిపోతంది. నాకెట్టాగూ అచ్చిరాలేదు, దానికే కట్టండి."

బుడే చీర అందుకుని, ఒక పొర విప్పి, ఎండకు ఎత్తి పట్టుకుని చూశాడు. గుడ్డకు అటువైపు నిలబడిన సౌజన్య మొహం కనబడినట్టుంది.

"ఇప్పుడు గాలి ఆడుద్ది," అని, చొక్కా వేసుకోవడానికి లేచాడు.