ఘాటు తెలియని ఇల్లు

కాస్త ఇలా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గోడకు చేరగిలబడండి. నేను మెల్లగానే చెబుతాను, మీరు దగ్గరగా ఉంటే వినబడుతుంది. ఈ ఇంట్లో గొంతు పెంచితే నా మనవరాలు చెవులు మూసుకుంటుంది.

ఇవాళ పొద్దున కూడా అంతే. ఇక్కడ నందిగామలో మా అమ్మాయి కొబ్బరి పచ్చడికని మిక్సీ వేసేసరికి, నాలుగేళ్ళ ఆ పిల్ల రెండు చెవులూ అరచేతులతో నొక్కుకుని బీరువాకీ గోడకీ మధ్య సందులో దూరిపోయింది. మా అమ్మాయి విసుక్కోకుండా మిక్సీ ఆపి, చెవులకు పెట్టే మెత్తటి డిప్పలు తెచ్చి దానికి తగిలించి, అది కుదుటపడ్డాకే మళ్ళీ మీట నొక్కింది. విజయవాడలో డాక్టరమ్మ చెప్పిందట, ఇలాంటి పిల్లలు కొందరుంటారు, బుద్ధి మహా చురుకు, అందరికీ గోరంత తగిలేది వీళ్ళకు కొండంత తగులుతుంది, తిట్టకూడదు, బెదిరించకూడదు అని. వింటూ కూర్చున్న నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే బీరువా వైపు తిరిగి చూశాను. ఆ సందులో నాకు కనబడింది దాని తల్లే, ఆ వయసులో ఉన్న నా కూతురు.

జగ్గయ్యపేటలో మా అత్తవారిది మిరపకాయల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు ఉండేది గానీ దాన్ని ఎవరైనా మూయగా చూసిన గుర్తు లేదు. కాయ చేతికొచ్చే రోజుల్లో చందర్లపాడు వైపు నుంచి బళ్ళు, చిల్లకల్లు మీదుగా లారీలు వచ్చి సరుకు దించేవి, వసారాలో ఆడవాళ్ళు బారులు తీరి కూర్చుని కబుర్లాడుకుంటూ తొడిమలు తీసేవాళ్ళు, ఆ ఎర్రటి దుమ్ము మా దుప్పట్ల మీద, మజ్జిగ కుండ మూత మీద, చివరికి ఉయ్యాల తాళ్ళ మీద కూడా పేరుకునేది. కాపరానికొచ్చిన కొత్తలో నేను తుమ్మిన తుమ్ములకు ముక్కుపుడక ఎక్కడ ఊడిపోతుందో అని భయపడేదాన్ని. రెండు పంటలు తిరిగేసరికి తుమ్ము మాట అటుంచి, ఆ వాసనే తెలియకుండా పోయింది. ఇప్పటికి మా ఇంటి మనిషివయ్యావని మా అత్తగారు నలుగురిలో చెప్పుకుని మురిసిపోయింది. ఆ ఇంట్లో అదొక గొప్ప.

అలవాటు పడనిది ఒక్క నా కూతురే. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే, మూడేళ్ళకే బస్తాల మీద రాతలు చూసి చదివేసేది. గోనెసంచికి ముక్కు ఆనించి ఇది తడిసింది తాతయ్యా అనేది, మా మామగారు విప్పించి చూస్తే అడుగున చెమ్మ ఉండేది. బేరానికొచ్చిన వాళ్ళందరి ముందూ ఆయన దాన్ని నిలబెట్టి చదివించి మీసం దువ్వుకునేవారు. కానీ బండి ఎద్దు మెడ మీద పుండు కనబడితే అది తన మెడ పట్టుకుని ఏడ్చేది. గౌను కుట్టు గుచ్చుకుంటే ఎవరున్నారని చూడకుండా విప్పి పారేసేది, అందుకని నేను దానికి బట్టలన్నీ తిరగేసి, కుట్లు పైకి వచ్చేట్టు తొడిగేదాన్ని. నేను చెప్పిన కథ నెల తర్వాత మాట పొల్లుపోకుండా నాకే అప్పజెప్పేది. ఆ కథలో దూడ తప్పిపోతే మాత్రం ఇక ఆ పూట ముద్ద దిగేది కాదు, దాని అమ్మ సాయంత్రం పాలు ఎవరికిచ్చింది, ఎటు చూస్తూ పడుకుంది అని అడిగేది. రెండో క్లాసుతో బడి మానిన దాన్ని, నేనేం చెప్పను? దూడ ఇల్లు చేరేదాకా కథను లాక్కుంటూ పోయేదాన్ని. నా కథలు పొడుగని ఎగతాళి చేస్తారు కదా మీరంతా, ఆ పొడుగు అప్పుడొచ్చింది.

అది ఏడ్చినప్పుడల్లా మా అత్తగారికి తెలిసిన మందు ఒక్కటే, దిష్టి తీయడం. ఇంత తెలివైన పిల్లకు కళ్ళు పడక ఏమవుతుందని ఆమె బాధ. ఆమెకు అదంటే ప్రాణం, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. మిగతా ఇళ్ళలో నాలుగు మిరపకాయలు తిప్పేస్తారు, మా ఇంట్లో కొదవేముంది, ఆమె దోసిలి నిండా తీసుకుని, ఉప్పు కలిపి, ఇరుగువాళ్ళదీ పొరుగువాళ్ళదీ దారినపోయే వాళ్ళదీ అంతా దిగిపోవాలని తిప్పి కుంపట్లో పోసేది. దిష్టి లేకపోతే ఘాటు లేచి అందరూ దగ్గాలి, దిష్టి ఉంటే ఘాటు రాదు, అంతే కదా మన లెక్క? కాయలు చిటపటలాడి నల్లబడేవి. ఆమె ముక్కు ఎగబీల్చి చూసేది.

“చూశావటే అమ్మాయ్, ఇంత పోస్తే ఘాటే రాలా! ఎంతమంది కళ్ళు పడ్డాయో నా తల్లి మీద!”

అని ఇంకో గుప్పెడు వేసేది. మామగారికీ ఘాటు తగిలేది కాదు, మావారికీ కాదు, నాకూ కాదు. పిల్ల మాత్రం ముక్కూ కళ్ళూ కారిపోతూ కెవ్వుమనేది. దిష్టి దిగుతుంటే అట్లాగే గింజుకుంటారని దాన్ని గట్టిగా పట్టుకునేవాళ్ళం.

ఐదో ఏడు వచ్చేసరికి పిల్ల మాట తగ్గించేసింది. బస్తాల మీద చదవడం మానేసింది. ఏ వేళ చూసినా పెరట్లో నీళ్ళ గోలెం వెనక ముడుచుకుని కూర్చునేది. మామగారికి బెంగ పట్టుకుంది. పిల్లలతో ఉంటే, కాస్త భయం ఉంటే అన్నీ కుదురుతాయని ఎవరో చెప్పగా విని, దూరాన హాస్టలున్న బడి ఒకటి మాట్లాడి వచ్చి, నీలం రంగు రేకుపెట్టె కొన్నారు. మావారు తండ్రి మాటకు ఎదురుచెప్పే మనిషి కాదు. ఆదివారం చివరిసారి దిష్టి తీసి, సోమవారం బస్సెక్కించాలి. పెట్టెలో గౌన్లన్నీ నేనే తిరగేసి మడతపెట్టాను. అక్కడ వాటిని ఎవరు తిరగేసి తొడుగుతారు, ఏ కథలో దూడ తప్పిపోతే ఎవరు వెతికి ఇంటికి తోలుకొస్తారు అనుకుంటూ ఒక్కో మడతా వేశాను. ఏడుస్తూ సర్దకే, అశుభం అని అత్తగారు కసిరింది గానీ ఆమె కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

ఆ ఆదివారం మా నాన్న మనవరాలిని చూసి వెళ్దామని నందిగామ నుంచి వచ్చాడు. ఆయనది బట్టల కొట్టు, కొత్త గుడ్డల వాసన తప్ప మరొకటి ఎరగడు. వియ్యంకుడి ఇంట్లో ఎప్పుడూ అరుగు మీదే కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయే మర్యాదస్థుడు. ఆ పూట పిల్ల ఆయన వేలు పట్టుకుని వదలకపోతే మొదటిసారి లోపలికొచ్చి పక్కనే నిలబడ్డాడు. అత్తగారు దోసిలి తిప్పి కుంపట్లో పోసింది. మా నాన్న ఒక్కసారిగా కండువా నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరుగు తీశాడు.

“చచ్చాను వదినగారూ! ఏంటండీ ఇది, మనుషులుండే ఇల్లా, కొలిమా!”

గోలెంలో నీళ్ళు తలమీద గుమ్మరించుకుంటూ దగ్గుతున్నాడు. పిల్ల ఏడుపు ఠక్కున ఆపింది. నెమ్మదిగా వెళ్ళి ఆయన పంచె పట్టుకుంది.

“తాతయ్యా, నీకూ వచ్చిందా?”

“రాకపోవడమేంటే తల్లీ, ప్రాణం పోయింది గదా!”

“నిజంగానా?”

“నీ మీద ఒట్టే.”

ఎన్నాళ్ళకో అది నవ్వింది. కళ్ళు కారుతూనే ఇంట్లోకి తిరిగి, తాతయ్యకీ వచ్చింది, తాతయ్యకీ వచ్చింది అని గోల చేసింది. మా అత్తగారు ఒకంతట నమ్మే మనిషా? వీధిలో పోతున్న గాజులావిడను కేకేసింది. ఆవిడ గడపలో కాలు పెట్టీ పెట్టగానే గంప అక్కడే వదిలేసి, దగ్గుతూ మా ఏడు తరాలనూ తిట్టింది. అప్పుడు అత్తగారు చెంబెడు నీళ్ళు కుంపట్లో కుమ్మరించి, నేల మీద చతికిలబడి చేయి చాచింది.

“ఇన్నాళ్ళూ నీ ఒక్కదానికే వచ్చేదటే, నా బంగారూ?”

పిల్ల తలూపింది. వెంటనే దగ్గరికి రాలేదు. ఆమె చాచిన చేయి దించకుండా అలాగే కూర్చుంది, అది దానంతటది వచ్చేదాకా.

ఇక హాస్టలు మాట ఎత్తొద్దని మామగారితో చెప్పింది కూడా ఆమే. సోమవారం బస్సు వెళ్ళిపోయింది, రేకుపెట్టెలో అప్పడాలు దాచుకున్నాం. కొట్టుకీ ఇంటికీ మధ్య తలుపు మూయబోతే, మూసే అలవాటు తప్పి చెక్క ఉబ్బిపోయి పడలేదు, వడ్రంగి వచ్చి చిత్రిక పట్టాక పడింది. ఆ తర్వాత దిష్టి అంటే ఉప్పు తిప్పి నీళ్ళలో కలపడమే.

ఇప్పుడు అత్తగారు లేరు, మా నాన్న లేడు, కొట్టూ లేదు. కాయ నేరుగా గుంటూరు కోల్డు స్టోరేజీలకు పోతోంది, మా కొట్టున్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఆ దుమ్ముకు దూరమై ఏళ్ళు గడిచాక నా ముక్కు నాకు తిరిగొచ్చింది, పోపు వేస్తే చాలు పొలమారుతోంది. మా అమ్మాయి మాత్రం, కాలేజీలో లెక్కలు చెప్పొచ్చి, ఆ పొగలోనే రెప్ప వేయకుండా నిలబడి, ఏంటమ్మా, మిరపకాయల కొట్టు కోడలివి, ఈ మాత్రానికేనా అని నవ్వుతుంది. మంచిదే, తోలు కాస్త మందమైతేనే గదా లోకంలో తిరగగలిగేది. అయినా ఆ ముక్కు ఎప్పుడు మొద్దుబారిందో, ఎద్దు మెడ కోసం ఏడవడం ఏ రోజుతో ఆగిందో నేను కనిపెట్టలేకపోయాను. ఎదురుగానే ఉంది నా కూతురు, కానీ ఆ చిన్నది ఎక్కడని వెతకను? నీకేమైనా గుర్తుందా అని పొద్దున అడిగితే, తాతయ్య తలమీద నీళ్ళు పోసుకోవడం ఒక్కటే గుర్తుందంది. అది ఘాటుతో గింజుకున్నప్పుడు నాకు తగల్లేదు, ఇప్పుడు నాకు తగిలేసరికి దానికి తెలియడం లేదు. ఒక్క పూటైనా ఇద్దరం కలిసి దగ్గి ఉంటే బాగుండేది.

డాక్టరమ్మలున్నారు, డిప్పలున్నాయి, ఈ రోజులే నయం, కాదనను. ఇందాక నేను పోపుకు దగ్గుతుంటే బీరువా సందులోంచి మనవరాలు తల బయటపెట్టి, అమ్మమ్మా, నీకూ వచ్చిందా అంది. వచ్చిందే తల్లీ అన్నాను. వచ్చి ఒళ్ళో కూర్చుని, నిన్నటి కథలో దూడ ఇంటికెళ్ళిందా అని అడిగింది. ఇంకా దారిలోనే ఉంది, చీకటి పడకముందే చేర్చాలి.

మీ ఇళ్ళలో పోపు ఎప్పుడూ ఘుమఘుమలాడాలి తల్లీ, ఆ ఘాటుకు తుమ్మే చిన్న ముక్కొకటి మీ ఇంట చల్లగా ఉండాలి, దాని పక్కన కూర్చుని తుమ్మే పెద్ద ముక్కు దానికి ఎప్పుడూ తోడుండాలి.