జవాబు రాకముందే పడిన పచ్చ టిక్కు

నిన్న ఖమ్మంలో కళ్ళ దవాఖానాకు పోయి, ఫోన్లో తీసుకున్న అపాయింట్‌మెంట్ చూపిస్తే, కౌంటర్లోని అమ్మాయి తన కంప్యూటర్లో పైకీ కిందికీ వెతికి చూసి, "మీ పేరు రాలే మేడం" అంది. నా ఫోన్లోనేమో పచ్చ టిక్కు నిక్షేపంగా వెలుగుతోంది. దాన్ని చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. పాపం, ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదు, అయినా నలుగురూ వెనక్కి తిరిగి చూసేలా అరిచేశాను. నా ఈడు వాళ్ళకు, ముఖ్యంగా నడివయసులో కంప్యూటర్ పని నేర్చుకుని బతికినవాళ్ళకు, ఈ కోపం ఎక్కడిదో చెప్పుకోవాలనిపించింది.

ఎందుకంటే అలాంటి టిక్కు ఒకటి నేనూ రాశాను.

పన్నెండు పదమూడేళ్ళ కిందటి మాట. ఖమ్మంలో ఒక చిన్న కంపెనీలో, పల్లెల్లో తిరిగే ఏఎన్ఎం నర్సుల కోసం యాప్ తయారుచేశాం. మా వదిన, అంటే పెద్దన్న భార్య, ములకలపల్లి అవతలి అడవి పల్లెల్లో ఏఎన్ఎం. అక్కడ సిగ్నల్ ఎక్కడ ఏడ్చింది! వారమంతా ఇల్లిల్లూ తిరిగి వివరాలు ఫోన్లో నింపుకుని, సంత రోజున ఆ చుట్టుపక్కల నర్సులందరూ రోడ్డు పక్క గుట్టెక్కి, ఒక్కచోట నిలబడి 'పంపు' అని నొక్కేవారు. ఏసీ గదిలో కూర్చున్న మాకు ఆ సంగతి తెలియదు, అడగాలని కూడా తోచలేదు. నొక్కగానే మా యాప్ వారం రోజుల వివరాలన్నింటినీ ఒకేసారి బయటికి తోసేది. గర్భిణి పేరు నమోదు ఒకటి, ఆమె రక్తపరీక్ష ఇంకొకటి. ఆ బక్క సిగ్నల్లో ఏది ముందు చేరుతుందో దేవుడికే ఎరుక. పేరు కంటే ముందు పరీక్ష చేరిందా, ఇలాంటి మనిషే లేదని అవతలి కంప్యూటర్ దాన్ని పారేసేది.

ఒకటి పంపి, చేరిందని జవాబు వచ్చాకే రెండోది పంపుదామని, టిక్కు కూడా అప్పుడే వేద్దామని నేను మొదటే చెప్పాను. ఇది పుస్తకాల్లో చదివిన తెలివి కాదు. మా నాయన బొగ్గుబాయిలో కార్మికుల్ని దించే లిఫ్టు దగ్గర గంట కొట్టేవాడు. ముందు పోయినవాళ్ళు దిగినట్టు కింది నుంచి గంట వినబడందే, ఎంత పెద్ద ఆఫీసరు వచ్చి తొందరపెట్టినా, పైన ఒక్క మనిషిని కదలనిచ్చేవాడు కాదు. నా మాట విని మా పై ఆయన నవ్వాడు. "గట్లయితే యాప్ స్లో అంటరు మేడం, డెమోల పరువు పోతది" అన్నాడు. నేను నోరు మూసుకుని, నొక్కీనొక్కగానే టిక్కు పడేలా నా చేత్తోనే రాశాను.

ఆ వానాకాలం గుట్టల నడుమ ఒక పల్లెలో తొలిచూలు పిల్ల ఒకతికి రక్తం బొత్తిగా తక్కువుంది. అలాంటి పేరు యాప్ నుంచి పై ఆఫీసు జాబితాలోకి వస్తే, కాన్పుకు వారం ముందే వాళ్ళు బండి పంపి భద్రాచలంలో దవాఖానాలో చేర్చాలి. వదిన పరీక్ష చేసింది, పేరూ పరీక్షా ఫోన్లో నింపింది, గుట్టెక్కి నొక్కింది, టిక్కు చూసుకుంది. బండి వస్తుందని ఆ పిల్లకు ధైర్యం చెప్పింది. బండి రాలేదు. వాగు పొంగిన రోజు నొప్పులొస్తే నులకమంచం మీద మోసుకుపోయారు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు.

"టిక్కు పడ్డది సార్, నా కండ్లతోని చూసిన" అని వదిన తన పై అధికారుల ముందు మొత్తుకుంది. రిజిస్టర్లో చూపించమన్నారు. రిజిస్టర్లు రాయడం మానెయ్యమని ఊరూరా చెప్పింది మేమే! విధుల్లో నిర్లక్ష్యమని ఆమెకు మెమో ఇచ్చారు. నేను మా కంప్యూటర్లో వెతికితే, ముందు పరీక్ష, ఆ వెనక రెండు సెకన్లకు పేరు, కళ్ళకు కట్టినట్టు కనబడింది. పై ఆయన అది చూసి, ఎవరితోనూ అనొద్దని చెప్పి, ఒకదాని తర్వాత ఒకటి పోయేలా అప్పటికప్పుడు మార్పించాడు. ఒక్క పూట పని అది, ఒక్క పూట! తప్పు యాప్‌దని ఒక ఉత్తరం రాయడానికి మాత్రం ఆయనకు చేతులు రాలేదు. ఆయన్ను తిట్టి ఏం లాభం, ఉద్యోగం పోతుందని నాకూ రాలేదు. ఛీ, ఏం బతుకు!

ఇప్పుడు ఆ గుట్ట పక్కనే టవరు లేచింది, వాగు మీద వంతెన పడింది, నర్సులు ఏ ఇంటి ముందు నిలబడి నొక్కినా పోతోంది. వదిన రిటైరై మా వీధిలోనే ఉంటోంది. మెమో కాగితం ఇంకా బైబిల్లో పెట్టుకుంది. జల్దీలో తానే ఏదో తప్పు నొక్కి ఉంటానని, ఆ బిడ్డ ఉసురు తనదేనని ఆమె నమ్మకం. మొన్న ఆదివారం ప్రార్థన నుంచి వస్తూ మనవరాలికి ఫోటో పంపి, ఫోన్ నా వైపు తిప్పింది.

"చూడు మరదలా, సరిగ్గ నొక్కిన్నా?"

"సరిగ్గనే నొక్కినవ్ వదినా" అన్నాను. ఫోన్ ఆమె చేతికిచ్చి, మెమో ఉన్న ఆ బైబిల్ని నేను పట్టుకుని ఇంటిదాకా నడిచాను.