రాజు ముక్కు మీద ఎర్రటి చుక్కలు

ఎనభైల్లో మేం అమీర్‌పేటలో ఉండేవాళ్లం. ఓ సాయంత్రం పంజాగుట్ట చౌరస్తాలో మా కుక్క రాజును స్కూటర్ గుద్దింది. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పింది. పక్కింటి కరీం భాయ్, నేను దాన్ని ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

"మెదడు వాపు తగ్గడానికి ఈ మందు సీసా ఎక్కిస్తున్నా. దీనివల్ల రక్తం త్వరగా గడ్డకట్టకపోవచ్చు. ముక్కులోంచి రక్తం వస్తుందేమో చూస్తూ ఉండండి" అన్నారాయన.

కాసేపటికి రాజు ముక్కు మీద ఎర్రటి చుక్కలు!

"డాక్టర్ గారూ, రక్తం!" అని ఆస్పత్రి అదిరేలా అరిచాను.

ఆయన పరుగెత్తుకొచ్చి, దూదితో తుడిచి వాసన చూసి, కరీం భాయ్ వైపు తిరిగారు. రాజు తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్న ఆయన నోటి నిండా పాన్!

"జర మాఫ్ చెయ్యండి సాబ్. ఫికర్‌ల ఉమ్ముడు మర్చిపోయిన."

మూడోరోజుకి రాజు లేచి తిరిగింది. కుక్క మొరుగుతోందని రోజూ మాతో గొడవపడే మనిషికి అదంటే ఎంత ప్రేమో అప్పుడే తెలిసింది. నా అరుపు సంగతి మాత్రం ఆయన వీధంతా చెప్పి నవ్వించారు.