చర్చి గుమ్మంలో పెన్ను

మాజ్రి స్టేషన్‌లో నా పక్కన కూర్చున్న ఆమె నా చేతిలోని పాటల పుస్తకం చూసి, "చర్చికి పోతవా అక్కా?" అని అడిగింది.

"చంద్రపూర్‌ల మన తెలుగోళ్ల చర్చి. ఎవరొచ్చినా రమ్మంటం," అన్నాను గర్వంగా.

యాభై దాటాక ఆ చర్చిలోనే నేను అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే కొత్తవాళ్ల పేర్ల పుస్తకం నాకు అప్పగించారు. ఎవరి పేరు వాళ్లే రాసుకుంటే గౌరవమని, తలమీద కొంగు కప్పుకుని గుమ్మంలో కూర్చుని, వచ్చినవాళ్లకు పెన్ను అందించేదాన్ని.

ఆమె నవ్వింది. "నేను గూడ ఒకపారి వచ్చిన. మా ఆయన సచ్చిపోయిన నెల. జర ప్రార్థన చేయించుకుందామని చెప్పులు గూడ ఇడిసిన. గుమ్మంల ఒకామె కలెక్టర్ లెక్క కూసుంది. పేరు రాయుమని పెన్ను చేతిల పెట్టింది. నాకు రాయరాదాయె. మళ్ల చెప్పులేసుకొని ఎల్లొచ్చిన."

పాటల పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాను. "రాదని చెప్పకపోయినవా?"

"ఎనక మంది నిలవడ్డరు. అందరి ముందట ఎట్ల చెప్పాలె?"

ఆ సిగ్గు నాకు యాభై ఏళ్లు తెలుసు. రేషన్ దుకాణంలో వేలిముద్ర వేసి, సిరా చీరకు తుడుచుకున్నదాన్ని. అయినా ఆమె ముఖం నాకు గుర్తు రాలేదు.

"మళ్ల రా చెల్లె," అన్నాను.

"గామె ఉంటదా?"

"ఉండది."

అది నేనేనని చెప్పలేకపోయాను. బండి వచ్చింది.

ఆ ఆదివారం నుంచి నేను గుమ్మంలో కూర్చోవడం లేదు. లోపల చాప మీద నుంచి, బయట చెప్పులు విడుస్తున్న పాదాలను చూస్తుంటాను. ఆమె ఇంకా రాలేదు.