మోటారు విప్పించిన కుట్టుమిషను

ఆ రోజు మౌసుమీ దీదీ జాకెట్టుకి చేతులు అతుకుతున్నాను. దుర్గాపూజ దగ్గర పడింది, మంచం మీద జాకెట్టు ముక్కలు గుట్టగా పడి ఉన్నాయి. కిటికీ అవతల ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు, నా గురించే. "గుడ్డ మిగిల్చి దాసుకుంటాదిది" అని ఒకావిడ, "అందుకే కనిపెట్టి సూత్తన్నాం" అని ఇంకొకావిడ. నాకు ఒళ్ళు మండింది. మిషను ఆపి కిటికీ తలుపు తీశాను. పక్క క్వార్టరువాళ్ళ మేక తప్ప ఎవరూ లేరు. మళ్ళీ కూర్చుని మిషను తొక్కడం మొదలుపెట్టగానే మాటలూ మొదలయ్యాయి.

నా పేరు ఈశ్వరి. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికని ఖరగ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం మాది. మా ఆయన అప్పలరాజు వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంట్లో మేమిద్దరం, మా అత్త. నేను జాకెట్లు కుడతాను. ఈ విషయంలో నాకు కాస్త పొగరే. నా చేతి జాకెట్టు వేసుకున్నవాళ్ళు ఇంకో టైలరు దగ్గరికి వెళ్ళరు. అలాంటిదాన్ని, గుడ్డ దొంగనని వినాల్సి వచ్చింది. పైగా అన్నవాళ్ళు ఎక్కడా కనబడరు.

రోజులు గడిచేకొద్దీ అందరి మీదా అనుమానం పుట్టింది. వచ్చిన ప్రతి ముక్కా నన్ను పట్టించడానికే పంపారనుకున్నాను. మౌసుమీ దీదీ మా వీధిలోనే ఉంటుంది, ఎన్నో ఏళ్ళుగా నా దగ్గరే కుట్టించుకుంటుంది. ఆవిడ కొలత జాకెట్టు పట్టుకుని వస్తే ముఖాన విసిరికొట్టాను. పాపం, ఆవిడ దాన్ని ఏరుకుని ఇంటికి వెళ్ళిపోయింది. వంటింట్లో నాలో నేను గొణుక్కుంటుంటే అత్త వచ్చి నిలబడింది.

"ఏటే అమ్మీ, ఎవులితో మాటాడతన్నావు?"

"నీకు ఇనపడ్డం నేదేటి అత్తా?" అన్నాను. అత్త మా ఆయనకి కబురు చేసింది.

ఆసుపత్రిలో రక్త పరీక్షలన్నీ చేశారు. తలకి సీటీ స్కాన్ తీశారు. అన్నీ నార్మల్. సైకియాట్రిస్టు బెంగాలీ ఆయన, నెమ్మదిగా హిందీలో మాట్లాడేవారు. "దీన్ని సైకోసిస్ అంటారు. షుగరు, బీపీ లాగే ఇదీ ఒక జబ్బు. యాంటీసైకోటిక్ మొదలుపెడదాం, గొంతులు తగ్గుతాయి" అన్నారు. బయటికి వచ్చాక అత్త మా ఆయన్ని పట్టుకుంది. "సైకో అన్నాడేట్రా ఆ డాక్టరు నా కోడల్ని?" మా ఆయన ఆమెకి బస్సు ఎక్కేదాకా సర్దిచెబుతూనే ఉన్నారు.

మందు పని చేసింది. కొన్ని వారాలకి గొంతులు దూరమయ్యాయి, తర్వాత ఆగిపోయాయి. మిషను చప్పుడు ఒట్టి మిషను చప్పుడుగా వినబడిన రోజు ఎంత సంతోషించానో చెప్పలేను. దీదీ ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. ఆవిడ టీ ఇచ్చి, "ముందు నా జాకెట్టు పూర్తి చెయ్యి" అంది.

గొంతులు మళ్ళీ రాకుండా అని డాక్టరు గారు డోసు ఒక మెట్టు పెంచాక కాళ్ళతో గొడవ మొదలైంది. నొప్పి అయితే నొప్పి అని చెప్పుకోవచ్చు. ఇది నొప్పి కాదు, తిమ్మిరి కాదు. తొడల దగ్గర నుంచి పాదాల దాకా లోపల ఏదో కుమ్ముతున్నట్టు ఉండేది, లేచి నడిస్తే తప్ప ఊపిరాడేది కాదు. కంచం ముందు కూర్చున్నా కాళ్ళు ఆడేవి. టీవీ ముందు అయితే కూర్చోవడం లేదు, లేవడం లేదు, రెండింటికీ మధ్య ఉండేదాన్ని. ఒక్క మిషను దగ్గర మాత్రం హాయిగా ఉండేది. పొద్దున్న కూర్చుంటే తొక్కుతూనే ఉండేదాన్ని. పని ఎంత తెమిలిందంటే, "మందు బలే మందే, కోడలు దెయ్యంలాగ కుట్టేత్తంది" అని అత్త వీధంతా చెప్పుకుంది.

మా ఆయన మాత్రం నా కాళ్ళనే గమనిస్తున్నారు. మంచం మీద కూడా అవి ఊరుకోకపోతే, మిషను తొక్కీ తొక్కీ పాడయ్యాయనుకున్నారు. ఒక సెలవు రోజు గోల్‌బజార్ వెళ్ళి మోటారు కొనుక్కొచ్చారు. ఫిట్టరు కదా, ఇంకొకరిని దాని మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. తోలు బెల్టు విప్పేసి, మోటారు బిగించి, వైరు లాగి, కింద చిన్న పెడల్ పెట్టారు.

"ఇంక తొక్కక్కర్నేదు. పాదం అలగ ఆనించితే సాలు. నీ కాళ్ళకి రెస్టు" అన్నారు. ఆయన ముఖంలో ఆ సంతోషం చూసి నేను ఏం అనగలను?

మోటారు మిషనుకి పాదం కుదురుగా ఉండాలి. నా పాదం ఉండదే! మిషను ఒక్కసారి పరిగెత్తేది, ఒక్కసారి ఆగేది. దీదీ పట్టు జాకెట్టు మెడ దగ్గర కుట్టు వంకరటింకరగా పోయింది. పెళ్ళయినప్పటి నుంచీ అంత చెత్త కుట్టు నేను కుట్టలేదు. విప్పాను, మళ్ళీ కుట్టాను, మళ్ళీ వంకర. లేచి వంటింటికి, వరండాకి, వంటింటికి తిరగడం మొదలుపెట్టాను. ఇక ఆగలేదు.

"ఓలమ్మో, మల్లీ వొచ్చీసినాది జబ్బు" అంది అత్త.

ఆసుపత్రికి వెళితే మా డాక్టరు గారు సెలవులో ఉన్నారు. ఇంకొకాయన చూశారు. ఒక్కచోట ఉండటం లేదు, ఇల్లంతా తిరుగుతోంది, చిరాకు పడుతోంది అని మావాళ్ళు చెప్పారు. కాళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. జబ్బు తిరగబెడుతోందని ఆయన డోసు పెంచారు. ఆయన్ని ఏమీ అనను, మేం చెప్పింది వింటే ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఆ తర్వాత నరకం చూశాను. ఇలా అయితే బతకడం ఎందుకని కూడా అనిపించింది. ఇలాంటి ఆలోచన కూడా మందు వల్ల రావచ్చని, వస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలని అప్పుడు తెలియదు, కాబట్టే దాచకుండా రాస్తున్నాను.

నా అంతట నేనే టాబ్లెట్లు మానేశాను. కొద్దిరోజుల్లో కాళ్ళు శాంతించాయి. ఇంట్లో అందరూ నాకు నయమైందనుకున్నారు. ఒక మధ్యాహ్నం దీదీ చేతి కొలత తీసుకుంటున్నాను, ఆవిడ భుజం వెనక నుంచి వినబడింది, "గుడ్డ దొంగ." టేపు కింద పెట్టేసి లోపలికి వెళ్ళి కూర్చున్నాను. వేసుకుంటే కాళ్ళు ఊరుకోవు, మానేస్తే గొంతులు ఊరుకోవు. కుట్టడం పోతే నా దగ్గర ఇంకేం ఉంది? అంతకు మించి ఆలోచన సాగలేదు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే చెప్పేశాను.

"ఏటండి, గొంతులు మల్లీ వొచ్చినాయి. టాబ్లెట్లు నేనే మానేసినాను."

తిడతారనుకున్నాను. ఆయన చెప్పులు పక్కన పెట్టి, "ఇప్పుడైనా సెప్పినావు. రేపే ఎల్దాం" అన్నారు.

మా డాక్టరు గారు తిరిగి వచ్చారు. ఎందుకు మానేశారని అడిగారు. కూర్చోలేక అన్నాను. మా ఆయన అందుకుని, "కాళ్ళకి పని లేకుండా మిషనుకి మోటారు కూడా పెట్టాను సార్, అయినా ఇంతే" అన్నారు. డాక్టరు గారి కలం ఆగింది.

"మోటారు పెట్టాక కాళ్ళ బాధ తగ్గిందా, పెరిగిందా?"

"పెరిగింది సార్. తొక్కుతున్నంతసేపూ బాగుండేది."

"టాబ్లెట్ మానేశాక?"

"కాళ్ళు బాగున్నాయి. గొంతులు వచ్చాయి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఇది జబ్బు కాదమ్మా, సైడ్ ఎఫెక్ట్. అకతీసియా అంటారు. కదిలితే తగ్గుతుంది, ఆగితే పెరుగుతుంది. మీ ఆయన మోటారు పెట్టి నాకంటే ముందే టెస్టు చేసేశారు" అని నవ్వారు. వేరే మందు తక్కువ డోసులో మొదలుపెట్టి, మెల్లగా పెంచుతామన్నారు. కాళ్ళు మళ్ళీ గొడవ పెడితే వేసుకోవడానికి ఇంకో చిన్న టాబ్లెట్ రాశారు. "ఏ మార్పు వచ్చినా ఫోన్ చెయ్యండి. మీరే ఆపేయొద్దు" అన్నారు.

ఇంటికి రాగానే మా ఆయన స్క్రూడ్రైవరు తీసి మోటారు విప్పడం మొదలుపెట్టారు.

"మేలు సేద్దారనుకున్నాను, ఈశ్వరీ. ఇలగౌతాదని అనుకోనేదు."

"మీ మోటారు నేకపోతే డాక్టరుకి తెలిసీదేటి? ఊరుకోండి" అన్నాను. పాత బెల్టు చక్రానికి ఎక్కించి, మోటారుని గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టారు.

కొత్త మందుతో గొంతులు మెల్లగా పోయాయి, కాళ్ళు కుదుటపడ్డాయి. అంతా సాఫీగా అయిపోయిందని చెబితే అబద్ధం. మొదట్లో ఎండెక్కేదాకా మత్తు వదిలేది కాదు, డాక్టరు గారికి ఫోన్ చేస్తే టాబ్లెట్ రాత్రి భోజనం తర్వాతకి మార్చారు. ఆకలి చూస్తే రాక్షసి ఆకలి. నా జాకెట్ల కుట్లు నేనే విప్పి వదులు చేసుకోవాల్సి వచ్చింది. లోపల మిగులుగుడ్డ కూడా అయిపోయాక, "టైలరుకే గుడ్డ చాలకపోతే మా గతేంటి?" అని దీదీ ఏడిపించింది. షుగరు పరీక్ష అప్పుడప్పుడూ చేయించమన్నారు, చేయిస్తున్నాను. దారాలకీ హుక్కులకీ గోల్‌బజార్ ఆటోలో వెళ్ళేదాన్ని, ఇప్పుడు నడిచి వెళుతున్నాను. లావు పూర్తిగా తగ్గలేదు, కానీ పెరగడం ఆగింది.

ఈసారి పూజకి ముందు దీదీ మళ్ళీ పట్టు ముక్క తెచ్చింది. దాన్ని చేతిలోకి తీసుకోగానే ఆ వంకర మెడ గుర్తొచ్చింది. మా ఆయన్ని అడిగాను.

"ఆ మోటారు మల్లీ బిగించండి."

"ఎందుకే? ఇప్పుడు బాగానే ఉన్నాది గదా."

"బాగున్నాదో నేదో నాను సూసుకోవాల."

మనసు లేకుండానే బిగించారు. పాదం పెడల్ మీద ఆనించాను. అత్త చిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది గానీ, ఒక్క కాయ వలవలేదు. చూపంతా నా కాలి మీదే. మెడ చుట్టూ కుట్టు ఆగకుండా, గుండ్రంగా వచ్చింది. దారం తెంపాను.

"కాలు నిద్దరోయినాదేటే అమ్మీ?" అంది అత్త.

"నేదత్తా. కుదురుగున్నాది." అని ఏడ్చేశాను. అత్త పళ్ళెం పక్కన పెట్టి, వచ్చి నా తల నిమిరింది.

ఇప్పుడు మోటారు మిషను మీదే కుడుతున్నాను. టాబ్లెట్ రోజూ వేసుకుంటున్నాను. ఎన్నాళ్ళు వేసుకోవాలో డాక్టరు గారు చెబుతారు. ఈ మందులు వాడేవాళ్ళకి, వాళ్ళని చూసుకునేవాళ్ళకి ఒక్క మాట. "బాగోలేదు" అని చెప్పి ఊరుకోకండి. ఒంట్లో ఎక్కడ బాగోలేదు, ఏ మందు మార్చాక మొదలైంది, ఏం చేస్తుంటే తగ్గుతోంది, ఏం చేస్తుంటే పెరుగుతోంది, మీ పనితో సహా డాక్టరుకి చెప్పండి. డాక్టరుని అడగకుండా మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ఇదంతా ఒక్కచోట కూర్చునే రాశాను.