రాజవ్వ చేతికిచ్చిన ఫోను

ఈ మధ్యాహ్నం సూరత్ పాండేసరలో కాలం కాని వాన పడింది. మిల్లుల రంగు వాసన, తడి మట్టి వాసన కలిసి మా మరమగ్గాల షెడ్డులోకి వచ్చాయి. చల్లబడిందని అందరూ సంబరపడుతుంటే నాకు రాజవ్వ గుర్తొచ్చింది. ఇలాంటి వాన పడితే ఆమె మొదట మా ఊరికి ఫోను చేసి, "వడ్లు కోసిండ్రా, ఇంక చేన్లనే ఉన్నయా?" అని అడిగేది.

ఇక్కడికి దగ్గర్లోని ఉన్ అనే బస్తీలో మా గదికి ఎదురు గది ఆమెది. భర్త పోయాక మగ్గాలకు దారం బాబిన్లు చుట్టి బతికింది. మాది ఉత్తర తెలంగాణలో ఒకటే ఊరు. అక్కడ ఆమెకు రెండెకరాలు, పక్కనే నాకో ఎకరం. రెండూ మల్లేశం కౌలుకు చేసేవాడు. మేం సూరత్‌లో ఉంటూ పాసుపుస్తకాల్లో మాత్రం రైతులం.

ఒక యాసంగిలో, ఇంకో నాలుగు రోజుల్లో కోత అనగా వడగళ్లు పడ్డాయి. గింజంతా నేల రాలింది. అధికారులు వచ్చి చూసి రాసుకుపోయారు. కొన్నాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన పంటనష్టం సాయం, పాసుపుస్తకంలో పేరున్నందుకు, మా ఖాతాల్లో పడింది. అప్పుడు మాకు పని తగ్గి మగ్గాలు సగం రోజులే ఆడుతున్నాయి. మా పాప స్కూలు ఫీజు కట్టలేక ఆగి ఉంది. దేవుడే పంపాడనుకున్నాను.

ఆ ఆదివారం రాజవ్వ మా గుమ్మంలోకొచ్చింది. "నీకు గూడ పడ్డయా బిడ్డా? నాయి మల్లేశానికి పంపాలె. జర ఫోన్ల కొట్టియ్యి."

ఆమె కంటికి శుక్లం వచ్చి ఏడాదైంది. ఆపరేషన్ అప్పటికే రెండుసార్లు వాయిదా వేసుకుంది. "ముందు కన్ను చూపించుకో అవ్వా. భూమి నీది, సర్కారు నీకే ఇచ్చింది. ఎవలడుగుతరు?" అన్నాను. నిజానికి ఆ మాట నా కోసం అన్నదే.

ఆమె తిట్టలేదు. "ఎవలూ అడగరు. గందుకే మనమే అడుగుదాం. వానికి ఫోను కలుపు," అంది.

మల్లేశం పశువుల అంగట్లో ఉన్నాడు. విత్తనాలకు చేతిలో ఏమీ లేక పాలిచ్చే బర్రెను అమ్మడానికి తోలుకెళ్లాడట. రాజవ్వ ఇంకా ఏమీ అడగకముందే అతనే అందుకున్నాడు. "కౌలు గురించి ఫికర్ చెయ్యకు అవ్వా. వచ్చే పంటకు తప్పకుండ ఇస్త. అన్నకు గూడ జెప్పు, జర ఆగుమను."

స్పీకర్లో ఆ మాట వింటూ నేను తల దించుకున్నాను. అతని నష్టానికి వచ్చిన సాయం నా దగ్గర పెట్టుకుని ఉన్నాను. అతనేమో నన్నే గడువు అడుగుతున్నాడు. "అన్న ఈడ్నే ఉన్నడు, మాట్లాడు," అని రాజవ్వ ఫోను నా చేతికిచ్చి, గుమ్మంలో కూర్చుని బయటికి చూడసాగింది.

"బర్రెను అమ్మకు తమ్మీ," అన్నాను. "సర్కారు పైసలు మా ఖాతాల పడ్డయి. అవి నీయే. ఇప్పుడే పంపుతున్న."

"నిజమేనా అన్నా?" అని అంగడి చప్పుడులోనే గట్టిగా అడిగాడు.

మర్నాడు రాజవ్వ నాతో పాప స్కూలుకొచ్చింది. అటు హిందీ, ఇటు గుజరాతీ కలగలిపి పెద్ద టీచరమ్మను అక్కా అన్నట్టు "బెన్, బెన్" అంటూ బతిమాలి, ఫీజుకు రెండు నెలల గడువు ఇప్పించింది. ఆమె కన్ను మాత్రం ఆర్నెల్లు ఆగింది. సూరత్ పక్కన కడోదరాలో ఉచిత కంటి శిబిరం పెడితే నేనే తీసుకెళ్లాను. కట్టు విప్పాక నన్ను ఎగాదిగా చూసి, "గింత ముసలోనివైనవేందిరా!" అని నవ్వింది.

తర్వాతి ఏడాది ఊరికెళ్లి, నా పొలం సాగు చేస్తున్నది మల్లేశమేనని కాగితం రాసి వ్యవసాయ ఆఫీసులో ఇచ్చాను. భూమి పోగొట్టుకుంటావని మా గల్లీవాళ్లు భయపెట్టారు. ఎకరం ఇప్పటికీ నాదే. ఆ తర్వాత ఒకసారి వాన ముంచినప్పుడు సాయం నేరుగా అతనికే అందింది.

రాజవ్వ పోయి రెండేళ్లు. ఆ రోజు ఆమె నన్ను తిట్టి ఉంటే, భయానికో సిగ్గుకో పంపేవాణ్ణి, ఆమె మీద కోపం మిగిలేది. ఆమె ఒక్క మాట అనకుండా, చెప్పాల్సిన మాట నా నోటితోనే చెప్పనిచ్చింది. ఆనాటి నుంచి నన్ను నేను కాస్త మంచివాణ్ణని నమ్ముతున్నాను. ఆ నమ్మకం చెడకుండా బతకాలని చూస్తున్నాను.