నాయన చూపించని మాట

ఇవాళ మా అమ్మాయి "యాండర్ అంటే ఏంటి?" అని ఫోన్‌ని అడిగింది. అడిగిన మరుక్షణం అది 'అల్లంత దూరాన' అని అర్థం చెప్పేసింది. నాకెందుకో ఫోన్ మీద కోపమొచ్చింది.

అట్ట ఊడితే దబ్బనంతో, గోనె దారంతో కుట్టుకున్న ఆ లావు డిక్షనరీలు మీకూ గుర్తున్నాయా? మా నాయన ఇంగ్లీషు అయ్యవారు. ఎవరూ వాడని పాత ఇంగ్లీషు మాటలంటే ఆయనకు ప్రాణం. అయితే అర్థం చెప్పేవాడు కాదు, చూపించేవాడు. ఓ సాయంత్రం నన్ను మిద్దె మీదికి తీసుకెళ్లి, అలిపిరి పైన కొండదారి దీపాలు వెలిగేదాకా నిలబెట్టాడు. "అదో, ఆడ కనిపిస్తాండాయే దీపాలు, అదీ యాండర్" అన్నాడు.

ఇంతలో ఆయన నేర్పిన మాటతోనే కింద నుంచి అమ్మ కేకేసింది. "మీ రిపాస్టు ఆరిపోతాంది, దిగి రాండి!"

రిపాస్టు అంటే భోజనమని ఎవరు చెప్పినా, నాకది వేడి సంగటి, ఊరిబిండి వాసనే.

ఒక్క మాట మాత్రం ఆయన చూపించలేదు. యోర్. డిక్షనరీలో "గడిచిపోయిన కాలం" అని ఉంది. చూపించమని ఎంత మారాం చేసినా, "అది నేను సూపించేది కాదు మ్మా. పెద్దయితే నీకే కనిపిస్తాది" అనేవాడు.

ఈ సాయంత్రం అమ్మాయిని అదే మిద్దె మీదికి తీసుకెళ్లాను. కొండ మీద దీపాలు వెలిగాయి. "అదీ యాండర్" అన్నాను. చూసి, నవ్వి, దిగిపోయింది.

నేను అక్కడే నిలబడ్డాను. కూడు ఆరిపోతాందని కింద నుంచి ఎవరూ కేకేయలేదు.

కనిపించింది నాయనా.